కడగని ఉన్ని రెండు సంచులు: నల్ల దక్కనీకి నాలుగున్నర స్టార్లు, తెల్ల మెరినోకి రెండున్నర

గొర్రె ఒంటి మీద కత్తిరించింది కత్తిరించినట్టే సంచిలో కుక్కి అమ్మే ఉన్ని ఈమధ్య ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. నేను రెండు రకాలు తెప్పించాను. ఒకటి నల్ల దక్కనీ గొర్రెది, రెండు కిలోలు. తెలంగాణ నుంచి బస్సు పార్సిల్లో వేస్తే విశాఖ బస్ కాంప్లెక్స్ దగ్గర దించుకున్నాను. రెండోది తెల్లది, అరకిలో, సంచి మీద భరత్ మెరినో అని రాసి ఉంది, మెత్తటి ఉన్నినిచ్చే గొర్రె జాతి అది, కొరియర్‌లో ఇంటికే వచ్చింది. రెండూ మర్రిపాలెంలో మా మూడో అంతస్తు ఫ్లాట్‌లోనే కడిగి, ఏకి, అంటే దువ్వి పీచు విడదీసి, వడికాను. ముందే చెప్పేస్తున్నా, మన ఊరి నీళ్లకీ మన ఊరి గాలికీ నల్లదే సరి. తెల్లది చేతిలో పట్టుకుంటే వదలబుద్ధి కాదు, ఆ మాట నిజం. కానీ దాన్ని శుభ్రం చేయడానికి అయ్యే గీజర్ కరెంటు, నీళ్లు, నడుంనొప్పి లెక్కేస్తే వడికిన నూలు చూసి సంతోషించే ఓపిక మిగలదు.

ఇక్కడి గొర్రెల దగ్గరే తీసుకోవచ్చు కదా అని మా ఆయన అడిగారు. మన కోస్తాలో మేసేవి చాలావరకు నెల్లూరు జాతి, దాని కలుపులు. మాంసానికి పెంచేవి. వాటి ఒంటి మీద ఉండేది వెంట్రుక, ఉన్ని కాదు. వడికితే పురి నిలవదు. అందుకే ఉన్ని కావాలంటే దక్కన్ వైపు చూడాల్సిందే. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర ఎండు భూముల్లో తిరిగే నల్ల గొర్రె అది. కురుమలు గొంగళ్లు నేసేది దాని ఉన్నితోనే, చింతగింజల గంజి పెట్టి. ఇప్పుడు గొంగళ్లు కొనేవాళ్లు తగ్గిపోయి, చాలాచోట్ల బొచ్చు కత్తిరించిన కూలి కూడా గిట్టడం లేదు. మనం పెట్టే డబ్బులో కాపరికి ఎంత వెళ్తోందో అమ్మేవాళ్లు సంచి మీద రాస్తే బాగుంటుంది. నేను కొన్నచోట రాయలేదు. అరస్టారు అక్కడే తగ్గించాను.

సంచి విప్పడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. మాస్కు, గ్లౌజులు వేసుకుని బాల్కనీలో పాత దుప్పటి పరిచి విప్పండి. భయపెట్టడానికి కాదు. పశువులకొచ్చే దొమ్మ రోగం, అదే ఆంత్రాక్స్, దాని బీజాలు ఉన్నిలో ఏళ్ల తరబడి బతికి ఉండగలవు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల్లో కూలీలు ఆ దుమ్ము పీల్చే చనిపోయారు. మన ఏజెన్సీలో ఆంత్రాక్స్ వార్తలు మనకి కొత్త కాదు. జబ్బుపడ్డ గొర్రెల మందది కాదని అమ్మేవాళ్లని అడిగి మరీ కొనండి.

నల్ల సంచి విప్పగానే వాసన కారిడార్‌లోకి పాకింది. వాచ్‌మన్ మెట్లెక్కి వచ్చాడు. "ఏటమ్మా, పైన గొర్రెని గానీ కట్టేసినారేటి? వాసన కిందదాకా వత్తంది" అన్నాడు. గొర్రె రాలేదు, దాని చొక్కా వచ్చింది అన్నాను. అతను ఒక కుచ్చు చేతిలోకి తీసుకుని పీల్చి చూసి, వాళ్ల ఊళ్లో ముసలాళ్ల గొంగడి వాసనే అన్నాడు. తర్వాత ఎవరు అడిగినా అతనే సర్ది చెప్పాడు.

ఒక్క కుచ్చు తీసి వెలుతుర్లో చూస్తే నలుపు ఒక రంగు కాదని తెలుస్తుంది. మొదలు దగ్గర కాటుక నలుపు, పైకి పోయేకొద్దీ ఎండకి మాడి ఎరుపు కలిసిన గోధుమరంగు. మధ్యమధ్య తెల్లటి బిరుసు వెంట్రుకలు. పొడవు ఒక వేలంత. దక్కనీకి ఏడాదికి రెండుసార్లు కత్తెర వేస్తారు, అందుకే పొట్టి. వేళ్ల మధ్య రుద్దితే జిడ్డు అంతగా తగలదు, ఇసుక తగులుతుంది. తెల్లది అలా కాదు. కుచ్చు పొడుగునా సన్నటి అలలు, చివర మట్టి పట్టి నల్లగా మూసుకుపోయి ఉంటుంది. విడదీస్తే లోపల వెన్నరంగు. వేళ్లకి అంటిన జిడ్డు సబ్బు పెట్టినా వెంటనే వదలదు.

ఇక ఫిర్యాదు. తెల్ల సంచి పంపినవాళ్లు పేజీలో "ఏరి శుభ్రం చేసినది" అని రాశారు. ఏం ఏరారో వాళ్లకే తెలియాలి. పొట్ట కింది పీచు, తోక దగ్గర పెంటికలు ఎండి గట్టిపడ్డ ఉండలు, ఒకేచోట కత్తెర రెండోసారి వేయడం వల్ల పడే గోరంత ముక్కలు అన్నీ ఉన్నాయి. ఆ పొట్టి ముక్కలు దేనికీ పనికిరావు, ఏకేటప్పుడు ఉండలుండలుగా నూల్లోకి వస్తాయి. ఫొటోలు పంపితే "సహజమైన ఉత్పత్తి మేడమ్" అని జవాబు. పైగా గాలాడని ప్లాస్టిక్ కవర్లో బిగించి పంపారు. నల్లది గోనెసంచిలో వచ్చింది. పల్లేరుకాయలూ గడ్డిగింజలూ ఉన్నాయి గానీ, అవి ఉంటాయని అమ్మినాయన ఫోన్లో ముందే చెప్పాడు.

కడగడం. రెండింటికీ మొదటి మెట్టు ఒకటే. ఏమీ కలపకుండా రాత్రంతా చన్నీళ్లల్లో నానబెట్టాలి. గొర్రె చెమటలోని ఉప్పులు నీళ్లల్లోనే కరుగుతాయి. తెల్లారేసరికి టబ్బులో నీళ్లు ముదురు డికాక్షన్‌లా ఉంటాయి, అడుగున ఇసుక పేరుకుంటుంది. ఆ నీళ్లల్లో పొటాషియం ఉంటుంది, పారబోయకుండా మల్లె కుండీలకి పోశాను. ఒక్కసారి నానబెట్టినందుకే నల్లదాని మురికి సగానికి పైగా పోయింది. విదేశీ వీడియోల్లో మరిగే నీళ్లు, బకెట్ల వరస చూసి హడలిపోయే వాళ్లకి చెప్తున్నా, అవి జిడ్డు ఎక్కువుండే జాతుల కోసం చెప్పిన పద్ధతులు. దక్కనీకి అంత హంగామా అక్కర్లేదు.

నల్లదానికి వాడింది కుంకుడుకాయలు. జీసీసీ షాపులో కొన్నాను. జీసీసీ అంటే గిరిజన సహకార సంస్థ, 1956లో పెట్టారు, హెడ్డాఫీసు మన ఊళ్లోనే. కనక ఏజెన్సీ కుంకుడుకి మనకి కరువు లేదు. గింజలు తీసి, తొక్కలు వేడినీళ్లల్లో నానేసి, పిసికి, పాత చీరముక్కలో రెండుసార్లు వడగట్టాలి. సరిగా వడగట్టకపోతే పిప్పి ఉన్నిలో ఇరుక్కుంటుంది, దాన్ని ఏరడం పల్లేరుకాయలు ఏరడం కంటే ఘోరం. కుంకుడు రసానికి కొద్దిగా పులుపు గుణం ఉంటుంది, ఉన్నికి అది హాని చేయదు. చాకలి సోడా లాంటి క్షారాలు పోగుని తినేస్తాయి. మరకలు పోగొడతాయని చెప్పే ఎంజైము పొడులు కూడా వద్దు. వాటిలో ప్రొటీన్‌ని కరిగించేవి ఉంటాయి, ఉన్ని మొత్తం ప్రొటీనే కదా.

కూరగాయల వలసంచుల్లో వదులుగా నింపి, గోరువెచ్చని రసంలో ముంచి, చేత్తో మెల్లగా అదిమి వదిలేయడమే. రుద్దకూడదు, పిండకూడదు, కుళాయి ధార నేరుగా పడనివ్వకూడదు. ఉన్నిపోగు మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి. వేడి, తడి, రాపిడి కలిస్తే అవి ఒకదాన్నొకటి పట్టేసుకుని అట్టకడతాయి, తర్వాత దేవుడు కూడా విడదీయలేడు. జాడించే నీళ్లు కూడా అదే వేడిలో ఉండాలి. బోరు నీళ్లతో మాత్రం పెట్టుకోకండి. మా అపార్ట్‌మెంట్ బోరులో సబ్బు నురగే రాదు, తెల్లటి తెట్టు కడుతుంది, అది ఉన్నిని పడితే వదలదు. జీవీఎంసీ, అంటే మన కార్పొరేషన్ కుళాయి వచ్చే వేళ చూసుకుని డ్రమ్ములు నింపుకున్నాను.

తెల్లదాని దగ్గర కుంకుడు చేతులెత్తేసింది. మెరినోలో లానోలిన్ జిడ్డు బరువులో పదో వంతు పైనే ఉంటుంది, ఒక్కోసారి పావు వంతుకి చేరుతుంది. అది సుమారు 40 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందుకని టబ్బులో నీళ్లు 60 డిగ్రీలతో మొదలుపెట్టి, చల్లారకముందే ఉన్ని పైకి తీసేయాలి. ఓ పావుగంట కంటే ఉంచితే కరిగిన జిడ్డు మళ్లీ ఉన్ని మీదే పేరుకుంటుంది. గీజర్ ఫుల్లు పెట్టి, స్టవ్ మీద గిన్నె పెట్టి, వంటింటి థర్మామీటర్ పట్టుకుని నిలబడాలి. ఈజీ లాంటి ఉన్ని లిక్విడ్‌తో రెండు ముంపులు అయ్యాక గానీ చేతికి జిడ్డు తగలడం ఆగలేదు. పైగా కుంకుడు రసం తెల్ల ఉన్నికి లేత పసుపు అంటిస్తుంది. నల్లదానికి ఆ బాధే లేదు. కుంకుడుకి నల్ల ఉన్ని మీద పదికి పది, తెల్లదాని మీద మూడు.

డ్రెయిన్ జాలీ మీద గుడ్డముక్క వేయడం మరవకండి. పీచు పైపులో చేరితే కింది ఫ్లాట్ వాళ్లతో గొడవ. జిడ్డు నీళ్లు చల్లారాక పైపులోనే గడ్డకడతాయి, వాటిని చెట్ల మొదట్లో మట్టిలో పోయించాను.

ఆరబెట్టడం మన ఊళ్లో అసలు పరీక్ష. సెమీ ఆటోమేటిక్ మెషిన్ ఉంటే వలసంచితో సహా డ్రయ్యర్లో వేసి తిప్పండి, నీళ్లు మాత్రం వదలకండి. ఆ ఒక్క పనితో సగం టెన్షన్ పోతుంది. తర్వాత పాత దోమతెర బాల్కనీలో మంచంలా కట్టి దాని మీద పల్చగా పరిచాను, నీడలో, కింద నుంచీ గాలి తగిలేలా. ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. సముద్రపు గాలి తిరిగే మధ్యాహ్నం నుంచి అది ఆరడం మానేసి మళ్లీ పీల్చుకోవడం మొదలుపెడుతుంది. చెంపకి ఆనిస్తే చల్లగా ఉందంటే ఇంకా ఆరలేదని అర్థం. వానాకాలంలో, తుపాన్ల నెలల్లో ఈ పని పెట్టుకోవద్దు. సంక్రాంతి తర్వాత శివరాత్రి లోపు మంచి అదను.

ఆరాక తూచాను. నల్లది రెండు కిలోలకి కిలో నాలుగొందలు మిగిలింది. తెల్లది అరకిలోకి 270 గ్రాములు. కొనే ముందు ధరని ఈ లెక్కలో చూడండి. అప్పుడు మెరినో రేటు దాదాపు రెట్టింపు అవుతుంది.

ఏకడానికి కార్డింగ్ బ్రష్‌ల జత కూడా కొన్నాను, తీగల పళ్లుండే చెక్క దువ్వెనలవి. 72 పాయింట్ల రకం, అంటే చదరపు అంగుళానికి 72 తీగ మొనలు. చెక్క పిడి గట్టిది, తీగలు వంగలేదు, తోలు ఊడలేదు. దక్కనీకి భేషుగ్గా ఉన్నాయి. ఏకుతుంటే బిరుసు వెంట్రుకలు చాలావరకు ఒళ్లోకి రాలిపోతాయి. మెరినోకి ఇంకా దట్టమైన పళ్లుండాలి, వీటితో ఏకితే చిట్టి ఉండలు మిగులుతాయి. మా అమ్మమ్మది పొందూరు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వే చేతులు చూసి పెరిగినదాన్ని, దువ్వెన పళ్లు నలుసు తేడా ఉన్నా నూలు ఎలా చెడుతుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. బ్రష్‌ల మీద డబ్బు పెట్టలేనివాళ్లు పెంపుడు జంతువుల షాపులో సన్నతీగల కుక్క బ్రష్ కొనుక్కోండి. ఒక్కో కుచ్చు చివర్లు దువ్వి విప్పడానికి అది చాలు, నేను మెరినోకి చివరికి వాడింది అదే.

కడిగాక మరీ పొడిబారితే అరచేతికి కొబ్బరినూనె ఒక చుక్క రాసుకుని ఏకులు చుట్టాను. దక్కనీ నూలు బిరుసే. మెడకి చుట్టుకునే శాలువాకి పనికిరాదు, గుచ్చుతుంది. ఆసనాలకి, సంచులకి, సోఫా మీద పరుపులకి దాన్ని మించింది లేదు. రెండు పోగులు కలిపి పేనిన నూలుతో మా ఆయన కుర్చీకి పరుపు అల్లాను, నలుపూ గోధుమా చారలు వాటంతటవే వచ్చాయి, రంగు ఖర్చు లేదు. మెరినోతో పసిపిల్ల టోపీ ఒకటి అయింది. మెత్తదనంలో సాటి లేదని ఒప్పుకుంటాను, మా మేనకోడలి పాపకి వైజాగ్‌లో ఉన్ని టోపీ పెట్టే చలి ఎప్పుడొస్తుందో చెప్పండి.

మిగిలినది బట్టసంచిలో ఎండు వేపాకు వేసి అటక మీద పెట్టాను. కడగని ఉన్నిని మాత్రం నెలల తరబడి దాచకండి, చిమ్మెటలకి మురికి ఉన్నే ఇష్టం.

నల్ల సంచి మళ్లీ ఆర్డర్ పెట్టాను, ఈసారి నాలుగు కిలోలు, ఫిబ్రవరిలో పంపమన్నాను. కత్తిరించే ముందు గొర్రెల్ని చెరువులో కడిగించిన మందదైతే కిలోకి కొంత ఎక్కువిస్తానన్నాను, చూస్తానన్నాడు. తెల్లది అమ్మినవాళ్లు డిస్కౌంట్ కూపన్ పంపారు. నేను వాడను, ఎవరికైనా కావాలంటే ఇస్తాను.