హైదరాబాద్‌కు ఇంకా ఏది కావాలి: మెట్రోనా, సిటీ బస్సా?

ఏటా ఎండలు ముదురుతున్నాయి. ఒడిశా, బిహార్ నుంచి పనికి వచ్చేవాళ్లూ పెరుగుతున్నారు. మరి డబ్బు దేనిమీద పెట్టాలి?

ఖర్చు: మెట్రోకు వేల కోట్లు. బస్సుకు ఉన్న రోడ్డే చాలు.

సమయం: మెట్రో 2017 నవంబరులో మొదలైంది. మూడు కారిడార్లు కలిపి సుమారు 69 కిలోమీటర్లు. ఆ మొదటి దశ పాతబస్తీ లోపలికి వెళ్లనే లేదు. బస్సును రేపే కొత్త కాలనీకి తిప్పొచ్చు.

పొగ: మెట్రోది కరెంటు. డీజిల్ బస్సు వెనక బైకు నడిపినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఎలక్ట్రిక్ బస్సుకు ఆ పొగ లేదు కానీ, ట్రాఫిక్‌లో అదీ ఇరుక్కోవాల్సిందే.

భాష: మెట్రోలో స్టేషన్ పేరు తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌లలో వినిపిస్తుంది. బస్సు బోర్డు దగ్గరికొస్తే, తెలుగు చదవడం రానివాళ్లు నంబరే గుర్తుపెట్టుకుంటారు. 218 అంటే పటాన్‌చెరు-కోఠి, అంతే. మిగతాది కండక్టర్ దయ.

టికెట్: 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచితం. కానీ తెలంగాణ చిరునామా ఉన్న కార్డు చూపాలి. సొంతూరి ఆధార్‌తో వచ్చిన ఒడిశా కూలీ చెల్లెమ్మ మాత్రం డబ్బులిచ్చి ఎక్కాలి. నాకు ఇదే మింగుడుపడదు.

మియాపూర్-ఎల్‌బీ నగర్ లాంటి కిక్కిరిసిన దారికి మెట్రోనే సరి. శివారు బస్తీలకు, పారిశ్రామికవాడలకు, తెల్లవారుజామున పనికి వెళ్లేవాళ్లకు బస్సులే ముందు కొనాలి, బోర్డులు మూడు భాషల్లో రాయించి మరీ.