ఆర్‌సీ లేని రేస్ బైక్ ఫారిన్‌కు అమ్మాలంటే: పాత బిల్లులా, నోటరీ అఫిడవిట్టా?

ట్రాక్ మీదే తిరిగిన బండికి ఆర్‌సీ ఉండదు, రోడ్డెక్కదు కాబట్టి అవసరం కూడా లేదు. కానీ నల్లగొండలో ఉన్న బండిని వేరే దేశానికి అమ్మాలంటే అది మీదేనని చూపించే కాగితం కావాలి. దానికి రెండు దారులు: బండి చేతులు మారిన ప్రతిసారీ రాసిన పాత బిల్లులన్నీ సంపాదించడం, లేదా బండి నాదేనని నోటరీ దగ్గర అఫిడవిట్ (ప్రమాణ పత్రం) రాసివ్వడం.

ఖర్చు: బిల్లులకైతే ఫోన్లు, ఒక్కోసారి పాత ఓనరు కోసం చెన్నై దాకా ప్రయాణం. అఫిడవిట్‌కు స్టాంప్ పేపర్, నోటరీ ఫీజు, అంతే.

శ్రమ: బిల్లుల కోసం మీకు అమ్మినాయన, ఆయనకు అమ్మినాయన, అట్లా మొదటి ఓనరు దాకా పోవాలి. అఫిడవిట్ కోర్టు దగ్గర ఒక పూటలో అయిపోతుంది.

రిస్క్: అసలు టెన్షన్ ఇక్కడే. అఫిడవిట్ అంటే మీ మాట మీరే చెప్పుకోవడం. విదేశాంగ శాఖ అపోస్టిల్ (మన కాగితం వేరే దేశంలో చెల్లడానికి వేసే ముద్ర) వేయించినా, ఆ ముద్ర కాగితం మీది సంతకం, హోదా నిజమని చెబుతుంది గానీ బండి మీదని చెప్పదు. బిల్లుల గొలుసు తెగకుండా ఉంటే కొనేవాళ్లకు అనుమానమే రాదు. దిగుమతి బండైతే బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి అయినప్పుడు కస్టమ్స్‌లో దాఖలు చేసిన పత్రం) దొరికేదాకా అడ్వాన్స్ తీసుకోవద్దు, దయచేసి.

ఏ దారైనా, హ్యాండిల్ కింద ఫ్రేమ్ మెడ మీద కొట్టిన ఛాసిస్ నంబర్‌పై తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయండి, అమ్మకం పత్రంలో అంకె అంకె అదే రాయండి. రేసుల్లో ఇంజన్ మార్చి ఉంటే అదీ రాయండి.

షోరూమ్‌లో కొని ట్రాక్‌కు మార్చుకున్న బండికి మొదటి బిల్లే చాలావరకు సరిపోతుంది. నాలుగు చేతులు మారి, మధ్యలో ఒకాయన దొరకనప్పుడే ఆ ఒక్క ఖాళీకి అఫిడవిట్ పెట్టండి.