టౌన్ మేనేజర్‌ని వెతికిపెట్టే కన్సల్టెంట్లు: మా ఊరి అనుభవం, ఐదుకి మూడు స్టార్లు

మసాచుసెట్స్‌లో, బోస్టన్‌కి పడమరగా, 14 వేల జనాభా ఉన్న ఊరు మాది. పాత టౌన్ మేనేజర్ రిటైరయ్యాక కొత్తవారిని వెతకడానికి మా సెలెక్ట్ బోర్డ్ ఒక రిక్రూట్‌మెంట్ సంస్థని పెట్టుకుంది. దరఖాస్తులు వడపోసే స్క్రీనింగ్ కమిటీలో నన్నూ వేశారు. ట్యాక్స్ రిటర్నులు చేసే వృత్తి కదా, అంకెలు చూస్తానని కాబోలు. ఈ మధ్య చుట్టుపక్కల ఊళ్ళలో మనవాళ్ళని ఇలాంటి కమిటీల్లోకి బాగానే పిలుస్తున్నారు. వాళ్ళకి పనికొస్తుందని ఈ సర్వీసు గురించి రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పను. తలుపులు మూసుకుని మాట్లాడుకున్న విషయాలూ చెప్పను.

తెలియనివారికి ఒక ముక్క. ఇక్కడ బడ్జెట్‌కి ఆమోదం టౌన్ మీటింగ్‌లో జనం ఇస్తారు, విధానాలు ఎన్నికైన సెలెక్ట్ బోర్డ్ చూస్తుంది. రోజువారీ పాలన, బడ్జెట్ తయారీ, చాలా నియామకాలు మాత్రం బోర్డు జీతమిచ్చి పెట్టుకున్న మేనేజర్ చేతిలో ఉంటాయి. మన దగ్గర మున్సిపల్ కమిషనర్‌ని రాష్ట్ర ప్రభుత్వం పంపిస్తుంది, వచ్చినాయనతో కౌన్సిల్ సర్దుకోవాల్సిందే. ఇక్కడ ఊరే ప్రకటన ఇచ్చి, ఇంటర్వ్యూ చేసి, బేరమాడి తెచ్చుకుంటుంది. తెనాలి మున్సిపాలిటీలో పనిచేసి రిటైరైన మా నాన్నగారికి ఇదంతా ఫోన్లో చెబితే ఓపిగ్గా విని, "అంతా బాగుందమ్మా, ఇంతకీ వీళ్ళలో ఎవరు ఎవరి మనిషి?" అన్నారు.

మేం వేల డాలర్లిచ్చి పెట్టుకున్న సంస్థ అడగని ప్రశ్న అది.

ముందు బాగున్నవి చెబుతాను. ఫీజు ముందే ఖాయం చేసుకుంటారు, కొత్త మేనేజర్ జీతంలో ఇంత శాతం అనే లెక్క కాదు. ఇది చిన్న విషయం కాదు. శాతం లెక్కయితే జీతం ఎంత పెరిగితే కన్సల్టెంట్‌కి అంత లాభం, ఇక మన తరఫున బేరం ఎవరు ఆడతారు? డిపార్ట్‌మెంట్ హెడ్లతో, లైబ్రరీ వాళ్ళతో, సీనియర్ సెంటర్‌లో పెద్దవాళ్ళతో విడివిడిగా కూర్చుని ఊరికి ఎలాంటి మనిషి కావాలో రాసుకొచ్చారు. ఆ రిపోర్టు నిజంగా బాగుంది. దరఖాస్తులు కూడా మేం అనుకున్నదానికంటే మెరుగైనవే వచ్చాయి. మామూలు ప్రకటనకి అలాంటివాళ్ళు కదలరు. ఫోన్ చేసి పిలిచేవాళ్ళు ఉండాలి, వీళ్ళకి ఆ పరిచయాలున్నాయి.

చిక్కు కూడా ఆ పరిచయాలతోనే. ఈ సంస్థల్లో పనిచేసేవాళ్ళు చాలామంది రిటైరైన టౌన్ మేనేజర్లే. మాకు వచ్చినాయన కూడా అంతే. ఫైనలిస్టుల పేర్లు బయటపెట్టాక రెజ్యూమెలు పక్కపక్కన పెట్టి చూస్తే, అందులో ఒకరు గతంలో ఈయన దగ్గరే అసిస్టెంట్‌గా పనిచేశారని తెలిసింది. అదే ఊరు, అవే సంవత్సరాలు. ఇది నేరమని నేననడం లేదు. ఆ అభ్యర్థి అసమర్థులని అంతకన్నా కాదు. కానీ ఆ మాట మాకు ఆయన నోట రావాలి, మొదటిరోజే రావాలి. అడిగితే, "ఈ వృత్తిలో అందరూ అందరికీ తెలిసినవాళ్ళేనండీ" అని నవ్వేశారు. అందరూ తెలిసినవాళ్ళే అయినప్పుడే కదా ఎవరు ఎంత తెలుసో రాసి ఇవ్వాల్సింది! పైగా ఆ ఫైనలిస్టు గురించి పాత యజమానుల్ని విచారించే పని కూడా ఈయనదే. అంటే ఆయన్ని ఆయనే అడగాలన్నమాట.

నిజం చెప్పాలంటే వాళ్ళ బ్రోషర్ రెండో పేజీలోనే సిటీ మేనేజర్ల అంతర్జాతీయ సంఘం ఐసీఎంఏ వారి నీతి నియమావళి ప్రస్తావన ఉంది. 1914లో పుట్టిన సంఘం, 1924 నుంచి నియమావళి ఉంది. పదవిని సొంత లాభానికి వాడుకోవద్దని అందులో స్పష్టంగానే రాశారు. కాగితం మీద కొరతేమీ లేదు.

రెండో అసంతృప్తి ఇంటరిమ్ మేనేజర్ విషయంలో. కొత్తవారు దొరికేదాకా నడిపించడానికి ఇదే సంస్థ తమ జాబితాలోంచి ఒకాయన్ని పంపింది. పని చక్కగా చేశారు. అయితే ఆయన కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చా అన్న ప్రశ్న వస్తే, కన్సల్టెంట్ "అభ్యంతరం ఉండదు" అనేశారు. కుర్చీలో ఉన్నాయన పోటీలో ఉంటే బయటివాళ్ళు దరఖాస్తు పెట్టడానికి వెనకాడతారు, ఆయన కింద పనిచేసే సిబ్బంది నోరు విప్పరు. బోర్డులో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉన్నారు. ఆవిడ పట్టుబట్టి, శాశ్వత పదవికి పోటీపడనని ఆయన చేత రాయించారు. ఈ సలహా ఆవిడ ఊరికే ఇచ్చారు, డబ్బు తీసుకున్నవాళ్ళు ఇవ్వలేదు.

మూడోది నేపథ్య విచారణ. మా పోలీస్ చీఫ్‌తో చేయిస్తే ఖర్చు కలిసొస్తుందని సంస్థ సూచన. మా ఊళ్ళో చీఫ్ జవాబు చెప్పుకోవాల్సింది మేనేజర్‌కే. కాబోయే పైఅధికారి చరిత్ర తవ్వమని ఒక ఉద్యోగిని పంపితే ఆ మనిషి ఎంత లోతుకి తవ్వుతాడు? బయటి ఏజెన్సీకిచ్చాం. అదనంగా అయిన ఖర్చు మరీ ఎక్కువేమీ కాదు.

ఇంత పట్టింపు ఎందుకనేవాళ్ళకి కాలిఫోర్నియాలోని బెల్ అనే చిన్న నగరం సంగతి చెప్పాలి. అక్కడ రాబర్ట్ రిజో 1993లో నగర పాలన నడిపే తాత్కాలిక ముఖ్య అధికారిగా చేరాడు. 2010 జులైలో లాస్ ఏంజెలెస్ టైమ్స్ బయటపెట్టేనాటికి అతని ఏడాది జీతం 7,87,637 డాలర్లు. ఊరు చూస్తే పేదది. అతన్ని ఆపాల్సిన కౌన్సిల్‌లో ఐదుగురికి నలుగురు పార్ట్‌టైమ్ పదవికి ఏటా దాదాపు లక్ష డాలర్లు తీసుకుంటున్నారు, ఇక కాదనేదెవరు? 2014లో అతనికి 12 ఏళ్ళ జైలుశిక్ష పడింది. మా కమిటీలో ఎవరు విసుక్కున్నా నేను ఆ జీతం అంకె చెప్పేదాన్ని. గది వెంటనే నిశ్శబ్దమయ్యేది.

ఇక ఇదే పనిలో నేను వాడుకున్న ఇంకో సర్వీసుకి ఐదుకి ఐదు ఇస్తాను, అదీ ఉచితం. మసాచుసెట్స్ స్టేట్ ఎథిక్స్ కమిషన్‌కి ఫోన్ చేస్తే ఆ రోజు డ్యూటీలో ఉన్న లాయర్ మాట్లాడతారు. జీతం లేని వాలంటీర్ కమిటీ సభ్యులకి కూడా కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్ చట్టం, అంటే సొంత ప్రయోజనమూ పదవి బాధ్యతా ఢీకొనే సందర్భాల గురించిన చట్టం, వర్తిస్తుంది. చాలామందికి ఈ సంగతే తెలియదు. దరఖాస్తులు తెరవకముందే నేను అడిగాను: నా దగ్గర ట్యాక్స్ చేయించుకునేవాళ్ళు ఎవరైనా పోటీలో ఉంటే నేనేం చేయాలి? ఆ లాయరమ్మ విసుగు లేకుండా, భయపెట్టకుండా చెప్పారు. పక్షపాతం ఉందని ఎవరికైనా న్యాయంగా అనుమానం రాగల పరిచయముంటే నన్ను నియమించినవారికి ముందే రాతపూర్వకంగా తెలపడం ఒక దారి, ఆ దరఖాస్తు వచ్చినప్పుడు పూర్తిగా పక్కకి తప్పుకోవడం ఇంకో దారి. నేను రెండోది ఎంచుకున్నాను. నాకున్న టెన్షన్ సగం ఆ ఫోన్‌తోనే పోయింది.

ఆ చట్టంలో దగ్గరి కుటుంబమంటే మనం, మన జీవిత భాగస్వామి, ఇద్దరి తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు. కాబట్టి బావమరిది దరఖాస్తు పెడితే మీరు ఆ చర్చలో కూర్చోకూడదు. పినతండ్రి కొడుకూ వియ్యంకుడూ ఈ లెక్కలోకి రారు, అక్కడ పైన చెప్పినట్టు రాసిచ్చే పద్ధతి ఉంది. వియ్యంకుడి విషయంలో ఇంత తేలిగ్గా వదిలేశారంటే ఈ చట్టం రాసినవాళ్ళెవరూ మన పెళ్ళిళ్ళు చూడలేదనుకుంటా. ఇంకో మంచి నిబంధన ఉంది. సెలెక్ట్ బోర్డ్ సభ్యులు తమ బోర్డు కింద ఉండే ఉద్యోగంలో తామే చేరాలంటే, రాజీనామా చేశాక 30 రోజులు ఆగాలి, లేదా వార్షిక టౌన్ మీటింగ్ ముందే ఒప్పుకోవాలి. 30 రోజులు మరీ తక్కువని నా అభిప్రాయం.

చివరికి మాకు దొరికిన మేనేజర్ ఎవరి మనిషీ కాదు, పని కూడా బాగుంది. కన్సల్టెంట్ దగ్గర పనిచేసిన ఫైనలిస్టు మిగతావాళ్ళలాగే బహిరంగ ఇంటర్వ్యూకి వచ్చారు. పాత పరిచయం సంగతి బోర్డు అక్కడే, లోకల్ కేబుల్ టీవీ కెమెరా ముందే అడిగింది. ఆ అభ్యర్థి దాచకుండా చెప్పారు. కన్సల్టెంట్ కంటే ఆయన జవాబే హుందాగా ఉంది.

మళ్ళీ ఈ సంస్థని పెట్టుకుంటానా అంటే, వెతికే పనికి పెట్టుకుంటాను. విచారణ పని మాత్రం ఇవ్వను. కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు, అభ్యర్థులతో తమకున్న పాత ఉద్యోగ సంబంధాలన్నీ, దరఖాస్తుదారుల జాబితా అందిన వారంలోగా రాసివ్వాలన్న వాక్యం చేర్పించండి. పక్క ఊళ్ళకి కూడా వాళ్ళే ఇదే సమయంలో మేనేజర్లని వెతుకుతున్నారా అని అడగండి, ఒకే మనిషిని రెండు చోట్లా చూపించే వీలుంది. కొత్త మేనేజర్ ఏడాదిలోపు మానేస్తే ఫీజు లేకుండా మళ్ళీ వెతుకుతామని వాళ్ళిచ్చే గ్యారంటీ కూడా గీచి బేరమాడండి. మేం అడగ్గానే 18 నెలలకి ఒప్పుకున్నారు.