సై-చేంజ్‌లింగ్ నవలలు: పాత సిరీస్‌తో మొదలుపెట్టాలా, ట్రినిటీతోనా?

నళినీ సింగ్ రాసిన సై-చేంజ్‌లింగ్ నవలలంటే నాకూ మా చెల్లెకూ ప్రాణం. మామూలు మనుషులు, మనోశక్తితో పనులు చేసే సై జాతి, చిరుతలుగానో తోడేళ్లుగానో రూపం మార్చే చేంజ్‌లింగ్‌లు, వీళ్ల మధ్య నడిచే ప్రేమకథలు. కామరూపుల కథలు వింటూ పెరిగిన మనకు ఈ లోకం అలవాటు కావడానికి ఎంతోసేపు పట్టదు. చిక్కల్లా ఎక్కడ మొదలుపెట్టాలన్నదే. 2006లో 'స్లేవ్ టు సెన్సేషన్'తో మొదలైన పాత సిరీస్‌లో 15 నవలలున్నాయి. 2017లో 'సిల్వర్ సైలెన్స్'తో ట్రినిటీ అనే కొత్త విడత మొదలైంది.

మహబూబ్‌నగర్‌లో ఉండే మా చెల్లె ట్రినిటీతోనే మొదలుపెట్టింది. 'సిల్వర్ సైలెన్స్' నిజంగానే హాయిగా ఉంటుంది. మాస్కోలో ఎలుగుబంట్ల గుంపుకు పెద్ద వాలెంటిన్, ముఖంలో ఏ భావమూ కనిపించనివ్వని సిల్వర్. వెనకటి కథ తెలియకపోయినా వీళ్లిద్దరి వెంట నడవొచ్చు. ట్రినిటీలోనే మరో నవల 'లాస్ట్ గార్డ్'లో ఢిల్లీ అమ్మాయి పాయల్ రావు కనిపించిన రోజు మా చెల్లె సంబరంగా ఫోన్ చేసింది.

కానీ సై జాతి వాళ్లు 1979 నుంచి పిల్లలను భావాలే లేకుండా పెంచుతారు. ఆ కట్టుబాటు పేరే సైలెన్స్. అది నిలుస్తుందా, కూలుతుందా అన్న టెన్షనే పాత సిరీస్‌కు వెన్నెముక. దాని జవాబు ట్రినిటీలో అడుగుపెట్టగానే తెలిసిపోతుంది. తర్వాత చెల్లె వెనక్కి వచ్చి 12వ నవల 'హార్ట్ ఆఫ్ అబ్సిడియన్' తెరిచింది. అది సై నాయకుల్లో ఒకడైన కేలెబ్ కథ. సగంలో ఆపేసి, "అక్కా, కేలెబ్ సంగతి నాకు ముందే తెలిసిపాయె. ఇంకేం చదవాలె?" అంది. నాకు చాలా బాధేసింది. కేలెబ్ మంచివాడో చెడ్డవాడో తేల్చుకోలేక నేను నెలల తరబడి సతమతమయ్యాను. ఆ సతమతమే అసలు రుచి.

నల్లగొండలో మా అమ్మ వారపత్రికల సీరియల్ పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి పెట్టుకునేది. ఒక కట్టలో ఒక వారం పేజీలు దొరకలేదు. అక్కడ తెల్లకాగితం పెట్టి కుట్టింది. ఆ చోటికి రాగానే ప్రతిసారీ ఆగేది.

కథలో ఖాళీ ఉంటే నాకూ అలాగే ఉంటుంది, అందుకే నా ఓటు పాత సిరీస్‌కే. తోడేళ్ల నాయకుడు హాక్ మొదటి పుస్తకంలోనే కనిపిస్తాడు. అతని ప్రేమకథ మాత్రం 10వ నవల 'కిస్ ఆఫ్ స్నో'లో వస్తుంది. అంతదాకా అతన్ని పక్కనుంచి చూస్తూ వచ్చినవాళ్లకు ఆ పుస్తకం పండగే. విడిగా చదివితే అది మంచి నవల, అంతే.

ఉద్యోగం, పిల్లలతో 15 చదవలేం అనేవాళ్లు 1, 10, 12 ఈ మూడూ అదే వరుసలో చదివి ట్రినిటీకి వెళ్లండి. మధ్యలో కొన్ని జంటలు ఎలా కలిశాయో తెలియదు కానీ, సైలెన్స్ ఏమైందన్న అసలు మలుపు చేజారదు. ఈ సిరీస్‌కు అనుబంధంగా వచ్చిన చిన్న కథలు తర్వాతైనా పర్వాలేదు. ఇవి పెద్దవాళ్లు చదివే పుస్తకాలని కూడా గుర్తుంచుకోండి.

మా వదిన వచ్చే నెల మొదలుపెడతానంటోంది. ఆమెతో మొదటి నవల ఒక్కటే కొనిపించాను. కేలెబ్ పేరు ఆమె ముందు ఎత్తొద్దని చెల్లెతో ఒట్టు వేయించుకున్నాను.