మాదాపూర్‌లోని ఒక చిన్న డేటా అనలిటిక్స్ కన్సల్టెన్సీలో మూడేళ్ల ఉద్యోగం

మాదాపూర్‌లో ఒక భవనం మూడో అంతస్తులో నడిచే డేటా అనలిటిక్స్ కన్సల్టెన్సీలో, అంటే ఇతర సంస్థల లెక్కలను విశ్లేషించి చెప్పే సంస్థలో, 2022 నుంచి 2025 వరకు పనిచేశాను. చేరినప్పుడు మేము 14 మందిమి, నేను బయటికి వచ్చేనాటికి 22 మందిమి. ఒక చేతిలో పెద్ద ఐటీ కంపెనీ ఆఫర్ లెటరు, మరో చేతిలో ఇలాంటి చిన్న సంస్థ ఆఫర్ లెటరు పట్టుకుని ఎటు వెళ్లాలో తేల్చుకోలేకపోతున్న వారి కోసం ఇది రాస్తున్నాను. పని నేర్చుకోవడం వరకే చూస్తే 5కి 5 ఇస్తాను. జీతభత్యాల నిర్వహణకు 2 కన్నా ఎక్కువ ఇవ్వలేను. సంస్థ పేరు మాత్రం చెప్పడం లేదు.

చేరిన రెండో నెలలోనే, మందుల పంపిణీ చేసే ఒక వ్యాపారి అమ్మకాలను జిల్లాలవారీగా ఏటికేడు పోల్చి చూపే పని నాకు అప్పగించారు. వినడానికి తేలికగా ఉన్న ఈ పనిలో చిక్కంతా జిల్లాల దగ్గరే వచ్చింది. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. క్లయింటు పాత బిల్లుల్లోనేమో పాత హద్దులే ఉన్నాయి. తూర్పు గోదావరి అన్న పేరును నమ్మి 2021 అంకెలను, కొత్త జిల్లాలు వచ్చాక నమోదైన అంకెలను పక్కపక్కన పెడితే అక్కడ వ్యాపారం ఒక్కసారిగా కుప్పకూలినట్టు కనిపిస్తుంది; నిజానికి కాకినాడ దుకాణాలు ఒక కొత్త జిల్లాలోకి, అమలాపురం దుకాణాలు మరో కొత్త జిల్లాలోకి వెళ్లాయంతే. నేను ఆ తప్పు గ్రాఫునే ఎంతో సంబరంగా తయారుచేసి చూపించాను. సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరు మందలించకుండా నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, జిల్లా పేరును పూర్తిగా వదిలేసి ప్రతి దుకాణాన్నీ దాని మండలానికి ముడిపెట్టమని, ఆ తర్వాత పాత జిల్లాకు ఒక మొత్తం, కొత్త జిల్లాకు ఒక మొత్తం విడివిడిగా కట్టమని చెప్పారు. మండలాలే విడిపోయిన చోట గ్రామం దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ పట్టిక పూర్తి కావడానికి నాకు దాదాపు నెల పట్టింది. ఏ కోర్సులోనూ నాకు దొరకని చదువు అది.

ఇలాంటి పాఠాలు అక్కడ వరుసగా దొరికేవి. ఒకసారి క్లయింటు పంపిన ఎక్సెల్ ఫైలు చూడగానే మా సీనియర్ మేడమ్ అది అసంపూర్ణమని చెప్పేశారు, ఎందుకంటే అందులో సరిగ్గా 10,48,576 వరుసలున్నాయి. ఎక్సెల్ షీటులో అంతకు మించి పట్టవు కాబట్టి మిగిలిన బిల్లులు కత్తిరించుకుపోయాయని ఆమెకు వెంటనే తెలిసింది. నాలుగో నెలలో నన్ను కోఠిలోని గోదాముకు పంపి, బిల్లులు కొట్టే గుమాస్తా పక్కన రెండు రోజులు కూర్చోమన్నారు. గడువు తీరి వెనక్కి వచ్చిన మందులను, అవి అమ్ముడైన నెలలో కాకుండా తిరిగొచ్చిన నెలలో మైనస్ గుర్తుతో ఎక్కిస్తారని అక్కడే తెలిసింది. మార్చి అమ్మకాలు ఎందుకు పడిపోతున్నాయో తెలియక మా బృందం వారాల తరబడి తలపట్టుకున్న ప్రశ్నకు ఆ గుమాస్తా ఒక్క మాటలో సమాధానం చెప్పారు. పవర్ బీఐ అనే సాఫ్ట్‌వేర్‌లో డాష్‌బోర్డు, అంటే అంకెలన్నీ గ్రాఫులుగా ఒకేచోట కనిపించే తెర, గీయడం ఈ వృత్తిలో ఆఖరి అడుగు మాత్రమే. పెద్ద కంపెనీల్లో చేరిన నా స్నేహితులు కొందరు అప్పటికి ఇంకా బెంచి మీదే ఉండి, ప్రాజెక్టు కోసం ఎదురుచూస్తున్నారు.

ఇక నన్ను నొప్పించిన విషయానికి వస్తాను. ఒక పెద్ద క్లయింటు బిల్లు రెండు నెలలు నిలిచిపోయినప్పుడు, 1వ తేదీన పడాల్సిన మా జీతాలు 19న పడ్డాయి. ఆ సంగతి మాకు 1వ తేదీ సాయంత్రం దాకా ఎవరూ చెప్పలేదు. ఇంటి అప్పు వాయిదా 5వ తేదీన కట్టాల్సిన సహోద్యోగి ఒకరు బంధువుల దగ్గర చేబదులు తీసుకోవాల్సి వచ్చింది. చిన్న సంస్థకు డబ్బు సర్దుబాటులో ఇబ్బంది రావడాన్ని నేను అర్థం చేసుకోగలను. వారం ముందు అందరినీ కూర్చోబెట్టి ఒక్క మాట చెప్పి ఉంటే మేమంతా ఓర్చుకునేవాళ్లమే. ఇది మూడేళ్లలో మూడుసార్లు జరిగింది, మూడుసార్లూ ముందుగా చెప్పలేదు.

పీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) సంగతి కూడా చేరేముందే తెలుసుకోవాలి. చట్టం ప్రకారం 20 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థకే ఇది తప్పనిసరి, కాబట్టి మా సంఖ్య 20కి చేరేదాకా మాకు పీఎఫ్ లేదు. మొదలైన తర్వాత, సంస్థ కట్టాల్సిన 12 శాతాన్ని కూడా సీటీసీ (ఉద్యోగి మీద సంస్థ పెట్టే మొత్తం ఖర్చు) లోపలే చూపడం వల్ల చేతికొచ్చే జీతం కొంత తగ్గింది. నా ఆఫర్ లెటరులో ఈ వివరం ఎక్కడా లేదు, అడగాలని నాకూ తోచలేదు.

అమెరికా క్లయింటు వచ్చాక పనివేళలు మారాయి. చలికాలంలో న్యూయార్కు కన్నా మనం పదిన్నర గంటలు ముందుంటాం కనుక, వారి ఉదయం 10 గంటల సమావేశం మనకు రాత్రి 8:30కి మొదలయ్యేది. మహిళా ఉద్యోగులు ఇంటికి వెళ్లడానికి మొదట్లో ఏ ఏర్పాటూ లేదు. ఇద్దరు సహోద్యోగినులు గట్టిగా అడిగిన తర్వాత క్యాబు ఖర్చు ఇవ్వడం మొదలుపెట్టారు, అది చివరిదాకా సక్రమంగానే సాగింది. హెచ్‌ఆర్ అంటూ ప్రత్యేకంగా ఎవరూ ఉండరు. పని అప్పగించేదీ, దాన్ని అంచనా వేసేదీ, జీతం పెంచేదీ ఒకే మనిషి కావడంతో, ఆ మనిషితోనే పేచీ వస్తే చెప్పుకోవడానికి మరో గుమ్మం ఉండదు.

రాజీనామా ఇచ్చాక రెండు నెలల నోటీసు పూర్తి చేశాను. రిలీవింగ్ లెటరు ఆఖరి రోజునే చేతికిచ్చారు, మిగిలిన సెలవుల డబ్బు నలభై రోజులకు అందింది. అంతకు ముందు ఏడాది ఒక సీనియర్ వెళ్లిపోయినప్పుడు, ఆయన రాసిన ఎస్‌క్యూఎల్ క్వెరీలు (డేటాబేస్ నుంచి సమాచారం తీసే ఆదేశాలు) ఏవి ఎందుకు రాశారో తెలియక మేము మూడు వారాలు అవస్థపడ్డాం. అది గుర్తుపెట్టుకుని, నోటీసు కాలంలో చివరి రెండు వారాలు నాకు వేరే పనేదీ ఇవ్వకుండా మండలాల పట్టికకు వివరణ రాయమన్నారు. ఏ మండలం ఏ తేదీన ఏ జిల్లాకు మారిందో, ఏయే గ్రామాల దగ్గర నాకు సందేహం మిగిలిందో అన్నీ తెలుగులోనే రాసి, నా స్థానంలో చేరిన అమ్మాయికి అప్పగించి వచ్చాను.