గండికోటలో పనోరమా: ఎక్కడ దిగాలి, ఎక్కడ నిలబడాలి

గండికోటకు పనోరమా, అంటే పక్కపక్కనే తీసిన ఫ్రేముల్ని అతికించి చేసే వెడల్పాటి ఫొటో, తీయడానికి వెళ్తుంటే ముందు బస సంగతి చూసుకోండి, లెన్స్ సంగతి తర్వాత. ఎర్రమల కొండల్ని చీల్చుకుంటూ పెన్నా పారే ఆ లోయ ఒక్క ఫ్రేములో పట్టదు. ఈ కొస నుంచి ఆ కొసకు కెమెరా తిప్పితే 150 డిగ్రీల దాకా తీయాలనిపిస్తుంది. ఎండ ఎక్కాక అంత వెడల్పులో ఒక పక్క ఆకాశం తెల్లగా కాలిపోతుంది, మరో పక్క రాళ్లు నల్లబడిపోతాయి. వెలుగు అంతటా ఒకేలా ఉండేది సూర్యుడు రాకముందు కాసేపు, సాయంత్రం దిగాక కాసేపు. ఆ వేళకు లోయ అంచున ట్రైపాడ్ సర్దుకుని ఉండాలి. అందుకే రాత్రి ఎక్కడ పడుకున్నామన్నది అంత ముఖ్యం.

జమ్మలమడుగులో లాడ్జిలున్నాయి, తిండికి ఇబ్బంది లేదు. కానీ కోట 15 కిలోమీటర్లు. తెల్లారకముందు బస్సును నమ్ముకోలేం, ఆటో మాట్లాడుకోవాల్సిందే. మాకు దొరికిన ఆటో అన్న మాట మీద నిలబడే మనిషి. 'నాలుగున్నరకంతా లాడ్జి ముందర ఉంటాలే సార్' అన్నాడు, ఉన్నాడు. అందరికీ అలాంటి మనిషి దొరుకుతాడన్న భరోసా లేదు కాబట్టి ఆ టెన్షన్ తప్పదు. లోయ దగ్గర్లో వేసే టెంట్లు దూరం విషయంలో అన్నిటికన్నా మేలు. మేం దిగినచోట మాత్రం అర్ధరాత్రి దాటినా స్పీకర్ ఆపలేదు, బ్యాటరీలు ఛార్జ్ చేసుకోవడానికి ఉన్నది ఒకటే ప్లగ్ పాయింట్. పర్యాటక శాఖవారి హరిత హోటల్ కోటకు దగ్గరే. కెమెరా బ్యాగుతో వచ్చేవాళ్లకు నేను చెప్పేది అదే. శని, ఆదివారాలకైతే ముందుగానే బుక్ చేసుకోవాలి.

ఇక నిలబడే చోటు. అందరూ ఫొటోలు దిగే బండలు ఫోన్‌కు బాగుంటాయి, తిప్పి తీసే కెమెరాకు పనికిరావు. కెమెరా తిరుగుతుంటే దాని వెనక మనమూ అడుగులు వేస్తూ తిరగాలి. అంచున రెయిలింగ్ లేదు. కన్ను వ్యూఫైండర్‌లో ఉండగా కాలు ఎటు పడుతోందో తెలియదు. అందుకే చీకటి పడకముందే వచ్చి, ట్రైపాడ్ వెనక మూడు నాలుగు అడుగుల చదును నేల ఉన్న చోటు చూసిపెట్టుకోండి. ముందుభాగంలో మరీ దగ్గరగా రాళ్లు లేకుండా కూడా చూసుకోవాలి.

ఆ దగ్గరి రాళ్లే అతుకు దగ్గర గొడవ చేస్తాయి. ముక్కు ముందు వేలు పెట్టుకుని ఒక్కో కన్నూ మూసి చూస్తే, వేలు వెనక గోడ మీద పక్కకు జరిగినట్టు కనబడుతుంది కదా, కెమెరా తిరిగినప్పుడూ అదే జరుగుతుంది. మామూలు ట్రైపాడ్ మీద కెమెరా తన అడుగునున్న స్క్రూ చుట్టూ తిరుగుతుంది. తిరగాల్సిందేమో లెన్స్ లోపలి ఎంట్రన్స్ ప్యూపిల్, అంటే ముందునుంచి చూస్తే అపర్చర్ (వెలుగు లోపలికి పోయే రంధ్రం) కనబడే చోటు చుట్టూ. ట్రైపాడ్ మీద బిగించే పనోరమా హెడ్‌లోని రెయిల్ మీద కెమెరాను వెనక్కి జరిపేది ఇందుకే. దగ్గర్లో ఒక కర్ర, దూరంగా ఒక స్తంభం ఒకే గీతలోకి తెచ్చుకోండి. కెమెరాను ఎడమకు, కుడికి తిప్పినా అవి విడిపోకపోతే సరైన చోటు దొరికినట్టే. రెయిల్ మీద అక్కడ మార్కర్‌తో గీత పెట్టుకోండి, లెన్స్ మారిస్తే గీతా మారుతుంది. ఈ పని ఇంట్లోనే చేసుకోవాలి. మాకు హెడ్ అద్దెకిచ్చిన షాపువాళ్లు కెమెరాకు బిగించే ప్లేటు ఇవ్వడం మరిచారు. అద్దె సామాను ఏదైనా షాపులోనే బిగించి చూసుకుని బయటకు రండి.

మేం లోయను తీసింది ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా, 50 ఎంఎం లెన్స్‌తో, కెమెరా నిలువుగా పెట్టి. అలా ఒక్కో ఫ్రేముకు 27 డిగ్రీలు వస్తాయి. మూడో వంతు ఒకదానిమీద ఒకటి పడేలా 18 డిగ్రీల చొప్పున తిప్పితే 8 ఫ్రేముల్లో లోయ పూర్తవుతుంది. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్‌లో పెట్టాలి. పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) తీసేయండి, ఉంటే ఆకాశంలో ఒకచోట ముదురు నీలం మచ్చ పడుతుంది. పెన్నా ఒంపు తిరిగేచోట నీళ్లు, ఆకాశం తప్ప ఏమీ లేని ఫ్రేము రాకూడదు. సాఫ్ట్‌వేర్‌కు పట్టుకోవడానికి గుర్తులుండవు. రాతి గోడలతో ఆ బాధ లేదు. పలక మీద పలక పేర్చినట్టున్న ఆ ఎర్ర పొరల్లో ప్రతి పగులూ ఒక గుర్తే.

కోటలోపలి జామా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ స్వామి గుడి మరో రకం పని. పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల్లో ట్రైపాడ్‌కు అనుమతి కావాలి, ముందే కనుక్కుని వెళ్లండి. మసీదు ఆవరణను చేత్తో తీసినా చక్కగా అతుకుతుంది, అక్కడ వెడల్పు ఎక్కువ. కాకపోతే సిలిండ్రికల్‌లో (ఫ్రేముల్ని గుండ్రటి గొట్టం మీద పరిచినట్టు) అతికిస్తే తిన్నని గోడ విల్లులా వంగుతుంది. అలాంటిచోట వంద డిగ్రీలు దాటకుండా తీసి తిన్నని గీతల్ని తిన్నగానే ఉంచే పర్‌స్పెక్టివ్ పద్ధతిలో అతికించడం మంచిది.

బెలుం గుహలకూ వెళ్లాం. 3 కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ గుహలు తప్పక చూడాల్సినవే. పనోరమాకు మాత్రం నేను సిఫారసు చేయను. ఇరుకు దారుల్లో అన్ని వైపులా రాయి చేతికందే దూరంలోనే ఉంటుంది, ట్రైపాడ్ పెడితే వచ్చేవాళ్లకు అడ్డం. ఏసీ కారులోంచి నేరుగా తీసుకెళ్తే ఆ ఉక్కకు లెన్స్ మీద ఆవిరి పడుతుంది. కెమెరాను బ్యాగులోనే కాసేపు వేడెక్కనివ్వండి.

అతికించడం రాత్రి రూములోనే చేసి చూసుకోవాలి, తప్పుంటే తెల్లారి మళ్లీ తీయవచ్చు. అతికించే సాఫ్ట్‌వేర్లలో హగిన్ ఉచితం, కదిలిన మనుషుల్ని మాస్క్‌తో తీసేయవచ్చు. లైట్‌రూమ్ తేలిక, రా ఫైళ్లను (కెమెరా ఇచ్చే ముడి ఫైళ్లు) అతికించి డీఎన్‌జీ అనే ముడి ఫైలుగానే ఇస్తుంది. 24 మెగాపిక్సెల్ కెమెరాతో తీసిన మా లోయ 20 వేల పిక్సెళ్ల వెడల్పు దాటింది. అంగుళానికి 200 చొప్పున ప్రింట్ వేసినా ఎనిమిది అడుగుల పైనే వస్తుంది. మొదట ఇచ్చిన ల్యాబ్‌వాళ్లు రంగుల్ని ఆటో కరెక్షన్‌కు వదిలేశారు, ఎర్ర రాయి నారింజలోకి తిరిగింది. రెండో ల్యాబ్ అతను తనంతట తానే అడ్డంగా ఒక సన్నని ముక్క వేసి చూపించి, సరేనన్నాకే మొత్తం వేశాడు. ఎక్కడిచ్చినా ఆ ముక్క అడిగి చూడండి.