మారతహళ్లిలో సోరియాసిస్ లైట్ ట్రీట్‌మెంట్: ఈ క్లినిక్ ఎలా ఉంది, ఎక్కడ జాగ్రత్తపడాలి

సోరియాసిస్‌కి (చర్మం ఎర్రబడి పొలుసులు లేచే జబ్బు) లైట్ ట్రీట్‌మెంట్ ఇస్తామని బెంగళూరులో బోర్డు పెట్టిన చోటల్లా ఆ పని సరిగ్గా జరగదు. ఒంటి మీద వెలుగు పడేలా పేషెంట్‌ని నిలబెట్టే పెట్టె ఒకటే, అందులోని బల్బులూ ఒకటే. తేడా అంతా డోసు లెక్కలోనూ, ఆ లెక్క రాసే రిజిస్టర్‌లోనూ ఉంటుంది. మారతహళ్లి బ్రిడ్జికి కాస్త దూరంలో, తెలుగువాళ్ల పీజీలు వరసగా ఉన్న వీధిలోని ఈ చర్మ క్లినిక్‌ని ఆ లెక్కతోనే చూశాం. పేరు రాయడం లేదు. మీరు ఏ క్లినిక్‌కి వెళ్లినా ఇవే అడిగి చూసుకోవచ్చు.

ముందు, జబ్బు అదేనా కాదా అని తేల్చడం. ఇక్కడ చేతి మీద మచ్చ చూపించి చీటీ రాయించుకుని రావడం కుదరదు. జుట్టు అంచు, చెవుల వెనక, మోచేతులు, మోకాళ్లు, బొడ్డు, నడుం కింది భాగం అన్నీ చూస్తారు. గోళ్లు మరీ శ్రద్ధగా చూస్తారు. గోరు మీద సూదితో పొడిచినట్టు గుంటలు, గోరు కింద నూనె బొట్టు ఇంకినట్టు మరక, గోరు చివర పైకి లేవడం సోరియాసిస్‌కి మంచి ఆనవాళ్లు. డెర్మోస్కోప్ (చర్మాన్ని పెద్దది చేసి చూపే పరికరం) ఆనించినప్పుడు ఎర్రటి చర్మం మీద సమంగా పరుచుకున్న చుక్కల్లాంటి రక్తనాళాలు, తెల్లటి పొలుసులు కనిపిస్తే డాక్టరుకి ధైర్యం వస్తుంది.

చిక్కంతా మెడికల్ షాపు ట్యూబులతో. క్లోబెటసాల్ అనే ఘాటైన స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ నెలల తరబడి పూస్తే తామర (ఫంగస్ జబ్బు) అయినా గుండ్రటి అంచు చెదిరిపోయి పోల్చుకోలేకుండా తయారవుతుంది. సోరియాసిస్ అయితే ట్యూబు ఆపగానే ముందుకంటే ఎక్కువగా తిరగబడుతుంది. ఈ క్లినిక్‌లో అనుమానం ఉంటే పొలుసు గీకి, పొలుసుని కరిగించే కేఓహెచ్ ద్రావణం చుక్క వేసి, ఫంగస్ పోగులున్నాయేమో మైక్రోస్కోప్‌లో అక్కడికక్కడే చూస్తారు. అప్పటికీ తేలకపోతేనే బయాప్సీ (చిన్న చర్మం ముక్క తీసి పరీక్షించడం). ఈ వరస సరైనది.

కీళ్ల గురించి అడగడం మాకు అన్నిటికన్నా నచ్చింది. పొద్దున లేచాక కీళ్లు అరగంటకు మించి పట్టేసి ఉంటున్నాయా, మడమ నొప్పి ఉందా, ఏదైనా వేలు మొదలు నుంచి చివరిదాకా వాచిందా అని డాక్టరు తెలుగులోనే అడుగుతారు. అవునంటే లైట్ సంగతి పక్కనపెట్టి రుమటాలజిస్ట్ (కీళ్ల జబ్బుల డాక్టరు) దగ్గరికి పంపుతారు. లైట్ చర్మానికి పనిచేస్తుంది గానీ కీళ్లకు పనిచెయ్యదు. కీలు ఒకసారి అరిగితే మళ్లీ పాత రూపానికి రాదు.

ఇక పెట్టె దగ్గరికి వద్దాం. ఇది నారోబ్యాండ్ యూవీబీ, 311 నానోమీటర్ల చుట్టూ ఉండే అతినీలలోహిత వెలుగు. వారానికి 3 సార్లు, రెండు సిట్టింగుల మధ్య కనీసం 24 గంటలు. మామూలుగా 20 నుంచి 36 సిట్టింగులు పడతాయి. మొదటి రెండు వారాల్లో పెద్దగా తేడా కనిపించక చాలామంది మానేస్తారు. మానకండి, చర్మం మారడానికి ఆమాత్రం సమయం కావాలి.

ఇక్కడ ఒక్కో పేషెంట్‌కి రిజిస్టర్‌లో ఒక పేజీ ఉంటుంది. తేదీ, డోసు, సెకన్లు, కిందటిసారి ఎరుపు ఎంతసేపు ఉందన్నది, నాలుగు గడులు. ఈ సెకన్ల గడి దగ్గరే చాలా చోట్ల పొరపాటు జరుగుతుంది. డోసంటే నిమిషాలు కాదు, బల్బు బలాన్ని సెకన్లతో గుణిస్తే వచ్చేది. బల్బులు చదరపు సెంటీమీటరుకి 3 మిల్లీవాట్లు ఇస్తుంటే 300 మిల్లీజౌళ్ల డోసుకి 100 సెకన్లు చాలు. అవే బల్బులు పాతబడి 2 మిల్లీవాట్లకి పడిపోతే 150 సెకన్లు కావాలి. అప్పుడు కొత్త బల్బులు వేసి, పాత 150 సెకన్లే కొనసాగిస్తే ఒంటి మీద పడేది 450. అంటే ఒకటిన్నర రెట్లు! రాత్రికి ఒళ్లంతా మంట. అందుకే మీటర్‌తో బల్బుల బలాన్ని కొలవాలి, కొలిచిన తేదీ రాసి ఉంచాలి. ఇక్కడ కొలుస్తున్నారు, అడిగితే చూపించారు. కానీ ఆ తేదీ గోడ మీద అందరికీ కనిపించేలా పెట్టాలి. ఇది మా మొదటి ఫిర్యాదు.

ప్రతిసారీ లోపలికి వెళ్లే ముందు టెక్నీషియన్ "ఎర్రబడిందా అక్కా? ఎన్నాళ్లుంది?" అని అడిగి గానీ స్విచ్ వెయ్యదు. ఎరుపు 12 నుంచి 24 గంటల్లో బాగా తేలుతుంది కాబట్టి ఈ ప్రశ్న తప్పనిసరి. ఎరుపే లేకపోతే డోసు 20 శాతం పెంచుతారు. లేత గులాబీ రంగు ఇంకా పోకపోతే పెంచరు. నొప్పి గానీ బొబ్బ గానీ ఉంటే అది తగ్గేదాకా సిట్టింగే లేదు. వారం లోపు గ్యాప్ వస్తే పాత డోసే. వారం దాటి రెండు వారాల్లోపైతే పావు వంతు తగ్గిస్తారు, మూడో వారంలోకి వెళ్తే సగం. ఇంకా ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచే. పండక్కి ఊరెళ్లేవాళ్లు సెలవు లెక్క ముందే చెప్పుకోవాలి.

పెట్టెలోకి వెళ్లేటప్పుడు గాగుల్స్ తప్పనిసరి, మగవాళ్లకి మర్మాంగాల మీద కవర్ ఉండాలి. ముఖం మీద మచ్చలు లేకపోతే ముఖం కప్పుకోవాలి. ప్రతిసారీ ఒకే కొలత బట్టలు వేసుకోండి. పదిహేనో సిట్టింగుకి పొట్టి నిక్కరు వేసుకొస్తే, అప్పటిదాకా వెలుగు చూడని తొడ భాగం మీద ఒక్కసారిగా పెద్ద డోసు పడి కాలుతుంది. సాలిసిలిక్ ఆసిడ్ లేపనం, మందంగా పూసిన వాజిలీన్ వెలుగుని అడ్డుకుంటాయి, ముందు వద్దు. పొలుసు దళసరిగా ఉంటే పల్చగా కొబ్బరినూనె రాస్తే వెలుగు బాగా దిగుతుంది. కాల్సిపోట్రియాల్ అనే సోరియాసిస్ పూతమందు వాడేవాళ్లు సిట్టింగ్ అయ్యాకే పూసుకోవాలి.

రెండో ఫిర్యాదు ప్యాకేజీ. 24 సిట్టింగుల డబ్బు ముందే కట్టించుకుంటారు. అవుటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో వారానికి మూడుసార్లు రాగలరో లేదో పది సిట్టింగులకి గానీ తెలియదు. విడివిడిగా కడతామని గట్టిగా అడగండి, ఒప్పుకుంటారు. సాయంత్రం 7 తర్వాత స్లాట్లు లేకపోవడం ఆఫీసులకి వెళ్లేవాళ్లకి నిజంగా కష్టం. తలలో మాత్రమే సోరియాసిస్ ఉన్నవాళ్లకి ఈ పెట్టె అంటగట్టకూడదు. జుట్టు కింద చర్మానికి వెలుగు చేరదు, దానికి దువ్వెన ఆకారంలో ఉండే చిన్న మెషీన్ కావాలి, అది ఇక్కడ లేదు.

మాత్రల విషయంలో జాగ్రత్త బాగుంది. మెథోట్రెక్సేట్ అనే సోరియాసిస్ మాత్ర వారానికి ఒక్క రోజే వేసుకోవాల్సింది, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇక్కడ స్ట్రిప్ మీద స్కెచ్ పెన్‌తో "సోమవారం మాత్రమే" అని తెలుగులో రాసి ఇస్తారు. రక్త పరీక్ష, లివర్ పరీక్ష చూడకుండా మొదలుపెట్టరు, పిల్లల కోసం ప్లాన్ చేస్తున్నవాళ్లకి అసలే ఇవ్వరు. బయలాజిక్ ఇంజెక్షన్లు (రోగనిరోధక శక్తిలో జబ్బుని రేపే భాగాన్ని అణిచేవి) కావాలంటే టీబీ పరీక్ష చేయించి పెద్ద ఆసుపత్రికి రాసిస్తారు. (సోరియాసిస్‌కి ఐటోలిజుమాబ్ అనే ఇంజెక్షన్‌ని 2013లో మార్కెట్లోకి తెచ్చిన బయోకాన్ ఈ ఊరిదే.)

మొదటి రోజు వెళ్లేటప్పుడు మీరు వాడిన ట్యూబులు, బీపీ మాత్రలు, యాంటీబయాటిక్స్, ఊరి నుంచి తెచ్చుకున్న నూనెలు అన్నీ సంచిలో వేసుకెళ్లండి. డాక్సీసైక్లిన్ లాంటివి వెలుగు పడితే చర్మాన్ని మండించే రకం. బావంచాల నూనె అయితే ఎండకే బొబ్బలెక్కిస్తుంది. అది రాసుకున్న సంగతి చెప్పకుండా పెట్టెలో అడుగు పెట్టకండి.